సలహా చెప్పే ముందు

ప్రతి సంవత్సరం ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు, 61 దినములు, మన తీరంలో మరపడవల వేటకు నిషేధం. అటువంటి దినాలలో ఒక సాయంత్రం నక్కపల్లి మండలం రాజయ్యపేటలో ఒక సోదరుని ఇంటికి వెళ్లాము. అతడు గోడకు చేరగిలబడి, తల వంచుకొని కూర్చున్నాడు.

"నానింక దేనికీ పనికిరానండి అయ్యగారూ" అన్నాడు.

వెంటనే మేము ధైర్యం చెప్పాము, ప్రార్థించాము, లేచాము. గడప దాటుతుండగా అతని భార్య మెల్లగా, "ఆయన చెప్పింది మీరు వినలేదండి" అంది. ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు.

వినడం కూడా నేర్చుకోవలసిన పనేనని అప్పుడు గ్రహించాము. కోచింగ్ అనగానే మనకు పిల్లల పరీక్షలు గుర్తుకు వస్తాయి. మరో విధమైన కోచింగ్ ఉంది. చిలీ దేశంలో మంత్రిగా పనిచేసిన ఫెర్నాండో ఫ్లోరెస్ 1973లో సైనిక తిరుగుబాటు జరిగాక మూడేళ్లు చెరలో ఉన్నారు. తరువాత అమెరికా వెళ్లి, మనుష్యులు మాటలతో ఏ పనులు చేస్తారో పరిశోధించారు. ఆ ఆలోచనలను ఆయన దేశస్థులైన హూలియో ఒలాయా, రఫాయెల్ ఎచెవెరియా పెంచారు. దీనిని ఆంటలాజికల్ కోచింగ్ అంటారు. పేరు పెద్దదే గాని సంగతి చిన్నది: మనిషికి సలహా చెప్పే ముందు అతని మాటను, శరీరాన్ని, మనసును గమనించాలి.

మాట: "ఈ నెల సంపాదన లేదు" అనేది జరిగిన సంగతి. "నేను పనికిరాను" అనేది తీర్పు. సంగతిని రుజువు చేయవచ్చు. తీర్పును మాత్రం మనమే ఇచ్చుకుంటాము, గనుక మనమే తిరిగి పరిశీలించుకోవచ్చు.

శరీరం: క్రుంగిన భుజాలతో, బిగబట్టిన ఊపిరితో కూర్చున్నవానికి రేపటి దారి కనబడదు. లేచి నాలుగు అడుగులు వేస్తే ఆలోచన కూడా కదులుతుంది.

మనసు: 2025లో బల్క్ డ్రగ్ పార్కు వలన తమ బ్రతుకుతెరువు పోతుందని రాజయ్యపేట మత్స్యకారులు నిరసనలు చేశారు. అటువంటి వేళ "కోపపడకండి, భయపడకండి" అనడం తేలిక. "మీకు ఏది పోతుందని భయం?" అని అడిగి, జవాబు పూర్తయ్యేదాకా ఊరుకోవడం కష్టం. కోపం వెనుక మనిషికి ప్రియమైనదేదో ఉంటుంది.

ఏలీయా సంగతి జ్ఞాపకం చేసుకోండి (1 రాజులు 19). బదరీ చెట్టు క్రింద చావు కోరుకున్న ఆ ప్రవక్తకు దేవుడు మొదట ప్రసంగం చేయలేదు. నిద్ర ఇచ్చాడు, రొట్టె, నీళ్లు ఇచ్చాడు, నడిపించాడు. ఆ తరువాతనే ప్రశ్న వేశాడు. "నేనొక్కడనే మిగిలాను" అని ఏలీయా తలంచాడు. నిజానికి ఇంకా ఏడు వేలమంది ఉన్నారు!

వారం తరువాత మళ్లీ ఆ ఇంటికి వెళ్లాము. ఈసారి బైబిలు తెరవక మునుపు సోదరునితో కలిసి ఒడ్డు వెంబడి నడిచాము. చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, "పనికిరావని ఎవరన్నారు?" అని అడిగాము. "ఎవరూ అనలేదండి, నానే అనుకున్నాను" అన్నాడు. అప్పు ఇచ్చినవారిని గడువు అడగడానికి సిగ్గుపడుతున్నాడట. ఏమని అడగాలో దారిలోనే రెండుసార్లు చెప్పి చూసుకున్నాడు. మరునాడు వెళ్లి అడిగాడు. వేట మొదలయ్యేవరకు గడువు దొరికింది. అప్పు తీరలేదు గాని అతని తల పైకి లేచింది.

అయితే ఒక హెచ్చరిక. ఈ పద్ధతి వైద్యం కాదు. ఎవరైనా రోజుల తరబడి నిద్రాహారాలు మానినా, చావు మాట ఎత్తినా ఆలస్యం చేయక వైద్యుని దగ్గరకు తీసుకువెళ్లండి. ప్రభుత్వ టెలీ మానస్ 14416 నంబరుకు ఉచితంగా ఫోను చేయవచ్చు.

ప్రియ పాఠకులారా, ఈ వారం మీ ఇంట ఎవరైనా దిగులుగా కూర్చుంటే, సలహా కాసేపు ఆపండి. ప్రక్కన కూర్చోండి. ఏమి జరిగిందో, దాని గురించి వారు తమకు తాము ఏమి చెప్పుకుంటున్నారో అడగండి. ఆ ఇల్లాలు మాకు నేర్పిన పాఠం ఇదే. కాపరులమైన మాకే ఇది ఆలస్యంగా అర్థమైంది.