తాత పునాది... నానమ్మ వంటిల్లు

‘మొత్తం పడగొట్టి, పిల్లర్లు వేసి రెండంతస్తులు లేపుదాం’ అన్నాడు బాపు. ‘ఏమన్న చేసుకోండ్రి, నా వంటిల్లు మాత్రం ఉన్నకాన్నే ఉండాలె’ అంది నానమ్మ. మధ్యలో నేను! ల్యాప్‌టాప్‌లో తప్ప ఎక్కడా ఏదీ కట్టని సాఫ్ట్‌వేర్ ఇంజినీర్‌ని.

మాది వరంగల్ దగ్గర చెరువున్న ఊరు. తాత కట్టిన పెంకుటిల్లు చెరువుకి ఎగువ వైపు, ఊరి చివర ఉంటుంది. తాత పోయాక నానమ్మ హైదరాబాద్‌లో మా దగ్గరికి వచ్చేసింది. అప్పట్నుంచీ అది మాకు సెలవుల ఇల్లు. ఎండాకాలంలో పది రోజులు, దసరాకి ఓ వారం. వెనక గుమ్మంలో నిల్చుంటే చాలు, చెరువులో బతుకమ్మల్ని వదలడం కనిపించేది.

2023 జులై చివరి వానలు గుర్తున్నాయా? ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులోనే దాదాపు 65 సెంటీమీటర్లు కురిసింది. మా దగ్గర అంత పడలేదు కానీ, చెరువు నిండి మత్తడి దుంకింది. నాలుగు రోజుల తర్వాత దారి తెరుచుకున్నాక వెళ్లి చూస్తే, వెనక వంటిల్లు కుప్పకూలి ఉంది. పెద్దింటి మట్టి గోడలు నాని ఉబ్బాయి, పెంకులు జారాయి. కానీ అది మాత్రం నిలబడే ఉంది.

రెండూ ఒకే స్థలంలో, ఒకే వానకి తడిశాయి. మరి ఒకటి ఎందుకు పడింది, ఇంకొకటి ఎందుకు నిలబడింది? నాకు ఆ ప్రశ్నే పట్టుకుంది.

పునాదికి పరీక్ష

ఆఫీసులో పాత కోడ్ చేతికొస్తే వెంటనే చెరిపేయం. ముందు టెస్టులు రాసి, ఏది పనిచేస్తోందో చూస్తాం. ఇక్కడా అదే చేద్దామనిపించింది. కాలేజీలో నాతోపాటు సివిల్ చదివిన ఫ్రెండ్‌కి ఫోన్ కొట్టా. ఆదివారం వచ్చాడు. వస్తూ తెచ్చిన పరికరం చూసి నవ్వొచ్చింది... నీళ్లు నింపిన ఓ పారదర్శక పైపు!

మేస్త్రీలు వాడేదే అది. రెండు చివర్లూ రెండు మూలల దగ్గర పట్టుకుంటే, నీళ్లు రెండు వైపులా ఒకే ఎత్తులో ఆగుతాయి. ఆ గీతతో పోలిస్తే ఏ మూల కుంగిందో తెలిసిపోతుంది. పెద్దింటి నాలుగు మూలల మధ్య తేడా అర అంగుళం కూడా లేదు. వంటింటి పునాది మాత్రం చెరువు వైపు మూడంగుళాలు దిగిపోయింది.

తర్వాత మూలల దగ్గర గుంతలు తవ్వించాం. అన్నీ ఒకేసారి కాదు. ఒకటి తవ్వి, చూసి, పూడ్చాకే ఇంకొకటి. పునాది అడుగు కనిపించగానే ఆపేయాలి. అంతకన్నా కిందికి వెళ్తే పునాది కింది మట్టే జారిపోతుంది.

తాత పునాది నాలుగున్నర అడుగుల లోతుంది. పెద్ద పెద్ద రాళ్లు, మధ్యలో డంగు సున్నం. అడుగున మూడడుగుల వెడల్పుతో మొదలై, మెట్లు మెట్లుగా సన్నబడుతూ పైకొచ్చింది. దాని కింద గట్టి మొరం. మేస్త్రీ గడ్డపారతో పొడిచి చూసి, ‘దీనికేం గాలే సార్, ఇంకో ఇల్లు చూస్తది ఇది’ అన్నాడు.

వంటింటి కింద తవ్వితే అడుగున్నరకే పునాది అయిపోయింది. దాని కింద నల్లమట్టి. నల్లరేగడి తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే కుంచించుకుపోయి పగుళ్లిస్తుంది. ఏటా ఆ మట్టి పైకీ కిందికీ కదులుతుంటే పైనున్న గోడ ఎన్నాళ్లు ఓర్చుకుంటుంది? కిటికీ మూలల నుంచి ఏటవాలుగా పాకిన పగుళ్లు మాకు చిన్నప్పట్నుంచీ తెలుసు. సున్నం పూసి కప్పేసేవాళ్లం!

రెండంతస్తుల లెక్క

ఇక బాపు సంగతి. ‘పునాది అంత గట్టిగుంటే స్లాబ్ వేస్తే ఏమైతది?’ అన్నాడు. ఫ్రెండ్ కాగితం మీద లెక్క చూపించాడు. ఐదంగుళాల కాంక్రీట్ స్లాబ్ చదరపు మీటరుకి దాదాపు 320 కిలోలు. పట్టీలతో కలిపినా పెంకుల కప్పు 65 కిలోల దగ్గరే. అంటే ఒక్క స్లాబే ఐదు పెంకుల కప్పులంత బరువు. రెండంతస్తులంటే అలాంటివి రెండు, మధ్యలో ఇంకో వరస గోడలు. తాత ఈ రాళ్లని పేర్చింది ఒక్క పెంకుటింటి కోసం.

పిల్లర్లు కావాలంటే ఆ పునాదిని తవ్విపారేసి కొత్తది వేయాలి. ఉన్నదాన్ని వాడుకోవాలంటే ఇల్లు ఒక అంతస్తే, కప్పు తేలికగానే ఉండాలి. బాపు ఆ కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాడు. రెండు రోజులు ఏం మాట్లాడలేదు. మూడో రోజు, ‘పెంకులు కొత్తవి తెద్దామా, పాతవే ఏరుదామా?’ అని అడిగాడు.

చెరువు గీత ఎక్కడ?

అసలు చిక్కు తర్వాత వచ్చింది. 2024లో హైడ్రా వచ్చాక ఎఫ్‌టీఎల్, బఫర్ అనే మాటలు హైదరాబాద్‌లో అందరి నోళ్లలో పడ్డాయి కదా. మన తెలంగాణ ఊళ్లలో పెద్దలు ‘శికం’ అనేది ఇంచుమించు ఈ సంగతే. చెరువు నిండా ఉన్నప్పుడు నీళ్లు పరుచుకునే నేల అది. మత్తడి అంచు ఎత్తే పూర్తి నీటిమట్టం. 2012 భవన నిర్మాణ నిబంధనల ప్రకారం, పది హెక్టార్లు, అంటే దాదాపు 25 ఎకరాలు, అంతకు మించిన చెరువైతే ఆ గీత నుంచి 30 మీటర్లు వదలాలి. అంతకన్నా చిన్నదైతే 9 మీటర్లు.

మా చెరువు పెద్దదే. సర్వేయర్‌తో కొలిపిస్తే పెద్దింటి వెనక గోడ 33 మీటర్ల దూరంలో ఉంది. దాని వెనక 14 అడుగులు ముందుకు చొచ్చుకొచ్చిన వంటిల్లు మాత్రం మీటరుకి పైగా బఫర్‌లోకి వెళ్లింది.

రూల్ పక్కన పెట్టినా లెక్క మారదు. మత్తడి దుంకుతోందంటేనే నీళ్లు ఆ గీత కన్నా పైకి లేచాయని అర్థం. చదునైన ఒడ్డు మీద అడుగు ఎత్తు పెరిగితే చాలు, నీళ్లు చాలా దూరం పాకుతాయి. 2023లో జరిగింది అదే. అవి తాత కట్టిన మూడడుగుల బేస్‌మెంట్ దాకా వచ్చి ఆగాయి. వంటింట్లోకి దూరాయి.

ఇదంతా నానమ్మకి చెప్పాల్సిన పని నామీదే పడింది.

నా పైసలు, నా కిటికీ

ఆ వంటిల్లు 1998లో నానమ్మ కట్టించుకుంది. పాలు అమ్మిన పైసలతో. ఆ ఇంట్లో ఆవిడ పేరు చెప్పుకోవడానికి ఉన్నది అదొక్కటే. ఫోన్లో గుంతల ఫొటోలు చూపిస్తూ, నల్లమట్టి, బఫర్ అంటూ తడబడుతూ చెప్పా. మొత్తం విని తాపీగా అంది:

‘మీ తాత అప్పుడే అద్దన్నడు బిడ్డా. ఆడ మన్ను మంచిగ లేదు, నీళ్లొస్తయ్ అన్నడు. నేనే ఇనలే.’

‘మరెందుకు కట్టించినవ్ నానమ్మా?’

‘పెద్దింట్ల వండితే పొగంత ఇంట్లనే నిండుతుండె. రోజంత గోడకు మొఖం పెట్టి వండుడే. నాకు చెరువు కనపడాలె అనుకున్న. నా పైసలు, నా కిటికీ.’

అప్పుడర్థమైంది. ఆవిడ అడుగుతోంది ఆ నాలుగు గోడల్ని కాదు. శిథిలాల్లో వెతికితే కిటికీ దొరికింది. టేకు చట్రం, ఒక రెక్క విరిగింది. పెద్దింటి వెనక గదిని వంటిల్లు చేసి, చెరువు వైపు గోడలో ఆ కిటికీనే పెట్టించాం.

మిగతా పని ఆరు నెలలు పట్టింది. పాత గోడలు దించి, పునాది రాళ్ల సందులు శుభ్రం చేసి మళ్లీ సున్నంతో నింపాం. దాని మీద చుట్టూ తొమ్మిదంగుళాల కాంక్రీట్ బెల్టు పోశాం. నాలుగు గోడల్నీ కట్టి ఉంచేది అదే. పైన ఇటుక గోడలు, ఇనుప చట్రం, సగం పాతవీ సగం కొత్తవీ పెంకులు. ఇల్లు మునుపటికన్నా చిన్నదైంది.

మీ ఊళ్లోనూ ఇలాంటి ఇల్లుంటే, బడ్జెట్ వేసుకునే ముందే ఈ మూడు పనులు చేయండి. చెరువు గీత ఎక్కడుందో కొలిపించండి. తెలిసిన ఇంజినీర్‌ని దగ్గరుంచుకుని, మూలల దగ్గర తవ్వించి పునాది లోతూ, కింది మట్టీ చూడండి. ఏ గది ఎప్పుడు కట్టారో, ఎవరు వద్దన్నారో ఇంట్లో పెద్దల్ని అడగండి. మేం మూడోది ముందు చేసుంటే గుంతలు తవ్వే ముందే సగం సంగతి తెలిసేది!

మొన్న దసరాకి వెళ్లేసరికి చెరువు నిండి మత్తడి దుంకుతోంది. పాత వంటిల్లు ఉన్నచోట ఇప్పుడు వేపచెట్టు, దాని కింద నానమ్మ ఇసుర్రాయి. పొద్దున లేచి చూస్తే నీళ్లు ఆ రాయిని తాకుతున్నాయి. కొత్త వంటింట్లో కిటికీ దగ్గర నిల్చుని నానమ్మ చాలాసేపు చూసింది.

‘పొయ్యి ఉన్నకాడికే వచ్చినయ్’ అంది. తర్వాత నా వైపు తిరిగి, ‘ఆ రాయిని ఇంకో రెండడుగులు ఇటు జరుపు బిడ్డా’ అంది.

జరిపాను. చాలా బరువుంది.