విద్యుత్ కారుకు గొంతు

రేడియో నాటకములో గుఱ్ఱము పరుగెత్తవలసి వచ్చినప్పుడు మేము స్టూడియోలోనికి గుఱ్ఱమును తోలుకొని రాము. రెండు కొబ్బరి చిప్పలు చాలును. శ్రోతకు ఆ సంగతి తెలియకపోదు. తెలిసియు గుఱ్ఱమునే వినును. కాని రౌతు కళ్లెము బిగబట్టిన తరువాతను చిప్పలు టకటకమని మ్రోగుచునే యున్నచో గుఱ్ఱము మాయమై చిప్పలు మాత్రమే మిగులును. ధ్వనితో బ్రతుకువారము గనుక, కొన్నేండ్లుగా అమెరికా దేశపు మోటారు ప్రియుల నడుమ నడచుచున్న ఒక తగవు మా చెవినబడగానే ఇది మన విషయమే యని మాకు తోచినది. చప్పుడు లేని విద్యుత్ కారునకు చప్పుడును కల్పించి పెట్టవచ్చునా? పెట్టినచో అది కారు గొంతగునా, కొబ్బరి చిప్పలగునా?

ఈ తగవు పుట్టినది మజిల్ కార్ల లోకములో. మజిల్ కారనగా కండలు తిరిగిన కారు. నడితరపు కారు దేహములో మిక్కిలి పెద్ద ఇంజనును అమర్చి, సంపాదన మొదలుపెట్టిన యువకునికి అందు వెలకు అమ్ముట దీని కిటుకు. 1964లో వచ్చిన పాంటియాక్ జి.టి.ఓ.తో ఈ తరహా నిలదొక్కుకొన్నదని పలువురు చెప్పుదురు. డాడ్జ్ వారి ఛార్జర్, ఛాలెంజర్ ఆ కోవలోనివే. వీని ప్రాణము, నాలుగేసి సిలిండర్లు రెండు వరుసలుగా ‘వి’ ఆకారమున నిలిచిన ఎనిమిది సిలిండర్ల ఇంజను.

ఆ ఇంజను చప్పుడెట్టిదో కొంచెము నిదానించి చూతము. మన వీధిలో బుల్లెట్టు మోటారు సైకిలు వచ్చుచున్నదని కంటితో చూడకయే చెప్పగలవారు కలరు. దానికున్నది ఒకే సిలిండరు. రెండు చుట్లకు ఒక్క ప్రేలుడు. అందుచేత దెబ్బకును దెబ్బకును నడుమ ఎడము చెవికి తెలియును. ఎనిమిది సిలిండర్లలో అదే రెండు చుట్లకు ఎనిమిది ప్రేలుళ్లు. కారు నిలిచియుండగా ఇంజను నిమిషమునకు 600 చుట్లు తిరుగుచున్నదనుకొందము. అప్పుడు సెకనుకు 40 ప్రేలుళ్లు. 6,000 చుట్లకు పోవునప్పటికి సెకనుకు 400. మొదటిది కడుపులో తెలియు మ్రోత, రెండవది అరపు. ఇంకొక విశేషము కూడ కలదు. ఎనిమిదింటిని కలిపి లెక్కించిన ప్రేలుళ్ల ఎడము సమానమే. కాని ఒక్కొక్క వరుసలోని నాలుగింటిని విడిగా విన్నచో ఆ ఎడము ఒకసారి 90 డిగ్రీలు, ఒకసారి 180, ఒకసారి 270. పొగగొట్టములలో ఈ ఎగుడుదిగుడే గుడగుడమను ఆ ప్రసిద్ధమైన ధ్వని యగుచున్నది. లయ తప్పుటయే ఇచట సొగసు!

నడుపువానికి ఇది వినోదము మాత్రమే కాదు. గేరు మార్చవలసిన క్షణమును, ఇంజనుపై బరువు పడుటను, చక్రము పట్టు జారుటను అతడు మీటరు చూడకయే చెవితో తెలిసికొనును. చప్పుడు పోయినచో అతనికి ఒక ఇంద్రియము పోయినట్లే.

విద్యుత్ మోటారులో ప్రేలుడు లేదు. అయస్కాంత బలములు, పండ్ల చక్రములు కలిసి చేయు సన్నని ఈల యొక్కటే వినబడును. బలమునకు మాత్రము కొరత లేదు. నిలిచిన చోటినుండియే మోటారు తన పూర్తి లాగుడును చూపగలదు. 2024 చివరను విడుదలైన డాడ్జ్ ఛార్జర్ డేటోనాలో పెద్ద రకమునకు 670 అశ్వశక్తులు. గంటకు సుమారు 96 కిలోమీటర్ల వేగమును అది 3.3 సెకనులలో అందుకొనునని సంస్థవారి లెక్క. పాతకాలపు మజిల్ కార్లలో ఏదియు దీని దరికి రాజాలదు. ఐనను పాత ప్రియులు పెదవి విరిచిరి. బలమున్నది, గొంతు లేదు.

ఈ చిక్కు డాడ్జ్ వారికి ముందే తెలియును. 2022 ఆగస్టులో నమూనా కారును చూపినప్పుడే దానికొక ధ్వని యంత్రమును చేర్చిరి. కారు వెనుక భాగమున గదులవంటి గొట్టములు. వానిలోనికి లౌడుస్పీకర్ల ధ్వని. పెడలు నొక్కిన కొలది మ్రోత పెరుగును. అది 126 డెసిబెల్ల వరకు పోవుననియు, తమ పెట్రోలు కారుకు తీసిపోదనియు ప్రకటించిరి. మనిషి చెవికి నొప్పి మొదలగు హద్దు ఇంచుమించు అచటనే యున్నదని ఇచట చెప్పక తప్పదు. పెట్రోలు ఛాలెంజర్ 2023 డిసెంబరులో కెనడాలోని బ్రాంప్టన్ కర్మాగారమున కడసారి తయారైనది. దాని స్థానమున నిలువవలసిన విద్యుత్ కారు గర్జనను విని కొందరు ముచ్చటపడిరి, ఎక్కువమంది నవ్విరి. సంస్థ కూడ ఒక అడుగు వెనుకకు వేసి, 2026 సంవత్సరపు కార్లలో చిన్న విద్యుత్ రకమును మానివేసి, అదే దేహములో ఆరు సిలిండర్ల పెట్రోలు ఇంజనును అమర్చినది.

మనసులు కరిగించిన కారు వేరొక దిక్కునుండి వచ్చెను. 2023లో కొరియా దేశపు హ్యుందయ్ వారు అయానిక్ 5 ఎన్ అను కారును చూపిరి. దీని ధ్వనియు కల్పితమే. లోపల ఎనిమిది, బయట రెండు స్పీకర్లు. కాని వారు ధ్వనితో ఆగలేదు. లేని గేర్లను ఎనిమిదింటిని కల్పించిరి. గేరు మార్చినప్పుడు మోటారు లాగుడును క్షణకాలము తగ్గించి పాత కార్ల కుదుపును పుట్టించిరి. ఇంజను తిరుగుటకొక హద్దును కూడ కల్పించిరి. నడుపువాడు సమయమునకు పై గేరు వేయనిచో కారు ఆ హద్దువద్ద తన్నుకొనుచు ముందుకు లాగక నిలుచును. కారునకు వాస్తవముగా ఆ అవసరము లేదు! ఐనను పందెపు బాటపై దీనిని నడిపిన పత్రికలవారిలో వెక్కిరించుటకు పోయి మెచ్చుకొని వచ్చినవారు పలువురు. ఎంత వేగముతో మలుపులోనికి పోవుచున్నారో చెవికి మరల తెలిసినది. 2024లో ప్రపంచ పెర్ఫార్మెన్స్ కారు బహుమానము దీనికే వచ్చెను.

రెండు ధ్వనులును కల్పితములే గదా, ఒకదానికి నవ్వేల, ఒకదానికి మెప్పేల? మాకు తోచిన కారణమిది. మొదటి కారులో ధ్వని యంత్రముపై కప్పిన శాలువ. తీసివేసినను నడకలో మార్పు లేదు. రెండవ దానిలో ధ్వనిని వినకున్న శిక్ష కలదు. రౌతు కళ్లెము లాగగానే చిప్పలు ఆగుచున్నవి.

వేరు దారులు తొక్కినవారును కలరు. బి.ఎమ్.డబ్ల్యు. వారు ఇంజనును అనుకరింపక, సినిమా సంగీత దర్శకుడు హాన్స్ జిమ్మర్ చేత తమ విద్యుత్ కార్లకు క్రొత్త ధ్వనులు కట్టించుకొనిరి. అవి ఇంపుగనే యుండును. కాని నేపథ్య సంగీతముతో కారు నడుపుట మాకంతగా రుచింపలేదు. ఇటలీలోని ఫెరారీ వారు 2025 అక్టోబరులో చెప్పిన ఉపాయము మాకు నచ్చినది. వారు మోటారు భాగముల నిజమైన కంపనమునే సూక్ష్మమైన పరికరముతో పట్టి, ఎలక్ట్రిక్ గిటారు తీగను వినిపించునట్లు పెంచి వినిపింతురట. వీణకు మైకు తగిలించి కచేరీ చేయుట మనమెఱిగినదే. అచట గొంతు యంత్రమునదే. మనము చేయునది దానిని హెచ్చించుట మాత్రమే.

ఇంతవరకు కారు లోపలివాని మాట. వీధిలో నడుచువాని మాట వేరు. నిశ్శబ్దపు కార్లు వచ్చుచున్నవని మొదట హెచ్చరించినవారిలో అంధుల సంఘములు ముఖ్యమైనవి. చెవియే వారికి దారి. వారి పట్టుదల మీదనే అమెరికాలో 2010లో చట్టము చేయబడినది. గంటకు 30 కిలోమీటర్ల లోపు వేగమున విద్యుత్ కారు తప్పక ధ్వని చేయవలెనని నియమము వచ్చినది. వేగము హెచ్చినచో టైర్ల చప్పుడే చాలును. పొరుగువాని నిద్ర సంగతియు ఉన్నది. ఛార్జర్ డేటోనాలో గర్జనను అణచివేయు మీట కలదు. తెల్లవారుజామున వీధి దాటువాడు దానిని నొక్కి పోవచ్చును. పాత పెట్రోలు కారునకు ఆ మర్యాద తెలియదు.

2025 జూన్‌లో ఆ డేటోనాలనే 8,390 కార్లను సంస్థ వెనుకకు పిలువవలసి వచ్చెను. ధ్వనిని పెంచు యంత్రములోని సాఫ్ట్‌వేరు దోషమువలన, బాటసారులను హెచ్చరింపవలసిన ఆ కొద్దిపాటి చప్పుడు వాని బయటి స్పీకర్లనుండి వెలువడకపోవచ్చునని తేలినది. గర్జించుటకై పేరుపడిన కారు, చట్టము కోరిన చిన్న మ్రోతకు నోరు తెరువలేదన్నమాట. క్రొత్త సాఫ్ట్‌వేరుతో దానిని సరిచేయుట కేర్పాటు చేసిరి.