ప్రభువు కొరకు కనిపెట్టుట



విత్తనం వేసిన రైతు మరునాడే వెళ్లి మట్టి తవ్వి చూడడు. కలుపు తీస్తాడు, గట్టు వేస్తాడు, ఆకాశం వైపు చూస్తాడు. అపొస్తలుడైన యాకోబు ఓపికను గూర్చి వ్రాస్తూ (5:7) తొలకరి వానకు, కడవరి వానకు ఎదురుచూసే ఈ రైతునే మనకు మాదిరిగా చూపించాడు. పొలంలో అంత ఓపిక చూపే మనం ప్రార్థనలో మాత్రం త్వరపడతాము. కూతురి పెళ్లి, కొడుకు ఉద్యోగం, తాగుడు మానని భర్త, తగ్గని జబ్బు, వీటి కోసం ఏళ్ల తరబడి మోకరించినా జవాబు రాకపోతే, "దేవుడు నన్ను మరచిపోయాడా?" అని మనసు క్రుంగిపోతుంది. దావీదు కూడా 13వ కీర్తనలో ఇదే ప్రశ్న అడిగాడు. అలా అడగడం అవిశ్వాసం కాదు. ఆ ప్రశ్నను దేవుని యొద్దకే తీసుకొని వెళ్లడం విశ్వాసము.

కనిపెట్టడం అంటే ఏమిటో తెలుసుకోవడానికి మనం దూరదేశాలకు వెళ్లనక్కరలేదు. మన తెలుగు నేల మీద, నెల్లూరు, ఒంగోలు ప్రాంతాలలో జరిగిన చరిత్ర చాలును.

ఫలము కనబడని సంవత్సరాలు

అమెరికా బాప్టిస్టు మిషనెరీ శామ్యూల్ డే గారు 1836లో మన దేశానికి వచ్చి, 1840లో నెల్లూరులో స్థిరపడ్డారు. ఎండలో తిరిగి ప్రకటించారు, బడులు పెట్టారు, కరపత్రాలు పంచారు. ఏళ్లు గడిచినా మారుమనస్సు పొందినవారు వ్రేళ్ల మీద లెక్కపెట్టేటంత మంది మాత్రమే. "ఇంత ఖర్చు పెట్టి ఈ మిషను నడపడం ఎందుకు? మూసివేద్దాం" అనే మాట అమెరికాలోని పెద్దలలో ఒకసారి కాదు, పలుమార్లు వచ్చింది. 1853లో ఆల్బనీ పట్టణంలో జరిగిన సభలో ఈ విషయం మరల చర్చకు వచ్చినప్పుడు, శామ్యూల్ స్మిత్ గారు ఈ మిషనును ఒంటరి నక్షత్రముతో పోల్చి ఒక పద్యం వ్రాశారు. మిషను నిలిచింది. ఆ పేరు కూడా నిలిచిపోయింది.

1854 జనవరి 1వ తేదీ తెల్లవారుజామున లైమన్ జ్యూయెట్ గారు, ఆయన భార్య, ముగ్గురు తెలుగు విశ్వాసులు ఒంగోలులోని ఒక కొండ ఎక్కి, ఈ ప్రాంతానికి ఒక సేవకుని పంపుమని ప్రార్థించారు. వారు ఐదుగురే. సేవకుడు మరునాడు రాలేదు, మరుసటి ఏడు రాలేదు. జాన్ క్లౌ గారు నెల్లూరు చేరింది 1865లో, ఒంగోలులో కాపురం పెట్టింది 1866లో. ఆ ప్రార్థనకు, ఆ జవాబుకు మధ్య పన్నెండు సంవత్సరాలు!

తెర వెనుక దేవుని పని

ఆ సంవత్సరాలలో దేవుడు ఊరకున్నాడా? లేదు. తాళ్లకొండపాడు గ్రామంలో యర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ సోదరుడు ఉండేవాడు. తోళ్ల వ్యాపారం చేసేవాడు. సత్యదేవుని తెలుసుకోవాలని గురువుల యొద్ద చేరి ఎంతో కాలం వెదికినవాడు. వ్యాపారం మీద ఏలూరు వైపు వెళ్లినప్పుడు సువార్త విన్నాడు. ఆయన సంగతి మిషనెరీలకు తెలియదు. కొండ మీద వారు ప్రార్థిస్తూ ఉండగా, ఇక్కడ దేవుడు ఒక హృదయాన్ని సిద్ధపరుస్తున్నాడు. 1866లో పేరయ్య, ఆయన భార్య బాప్తిస్మము పొందారు. 1867 జనవరి 1న ఎనిమిది మందితో ఒంగోలు సంఘము ఏర్పడింది. అదే నెలలో పేరయ్య సాక్ష్యం ద్వారా తాళ్లకొండపాడులో 28 మంది బాప్తిస్మము పొందారు.

మనకు కనబడనంత మాత్రాన దేవుని పని ఆగిపోయినట్లు కాదు.

ఆకలిలో కూడా ఎదురుచూపు

తరువాత 1876–78 సంవత్సరాల ధాత కరువు వచ్చింది. పశువులు చచ్చాయి, పల్లెలు ఖాళీ అయ్యాయి. క్లౌ గారు బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల త్రవ్వకం పనిని కాంట్రాక్టుకు తీసుకొని వేలమందికి కూలి కల్పించారు. బోధకులు పని చూపిస్తూనే, కూలీలు సేద తీరే వేళలో క్రీస్తును గూర్చి చెప్పారు. అనేకులు బాప్తిస్మము అడిగారు. క్లౌ గారు ఇవ్వలేదు! తిండి కోసం ఎవరూ క్రీస్తు నామం ధరించకూడదని, సుమారు పదిహేను నెలలు ఒక్కరికైనా బాప్తిస్మము ఇవ్వకుండా ఆపారు.

సహాయం పంచడం ముగిసిన తరువాత కూడా జనులు వచ్చారు. తమకు డబ్బు అక్కరలేదని, ప్రభువే కావాలని చెప్పారు. 1878 జూలై 3న, ఒంగోలుకు ఉత్తరాన వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ నదిలో ఆరుగురు తెలుగు బోధకులు, ఇద్దరు చొప్పున వంతులవారీగా దిగి, 2,222 మందికి బాప్తిస్మము ఇచ్చారు. ఆ సంవత్సరాంతానికి ఒంగోలు సంఘస్థులు 12 వేలు దాటారు. ఆ నిరీక్షణ వారి విశ్వాసాన్ని చల్లార్చలేదు. అది కూటి కోసం కాదని రుజువు చేసింది.

మనకు నేర్పేది

మొదటిది, కనిపెట్టడం చేతులు ముడుచుకొని కూర్చోవడం కాదు. డే గారు బోధించడం మానలేదు, క్లౌ గారు కాలువ త్రవ్వించారు. కాబట్టి జబ్బు నయం కావాలని ప్రార్థించే తల్లీ, మందులు మానవద్దు. ఉద్యోగం కోసం ప్రార్థించే తమ్ముడా, చదువు ఆపవద్దు. భర్త దెబ్బలు ఓర్చుకొని మౌనంగా ఉండడమే కనిపెట్టడమని ఏ చెల్లెలితోనూ చెప్పవద్దు. ఆమెకు ఆశ్రయం చూపడం సంఘం బాధ్యత.

రెండవది, ఒంటరిగా కనిపెట్టవద్దు. కొండ మీద ఐదుగురు కలిసి ప్రార్థించారు. మీ భారం ఇద్దరు ముగ్గురు విశ్వాసులతో పంచుకోండి. "ఫలానా తేదీకి జవాబు వస్తుంది, ఇంత కానుక ఇవ్వండి" అని చెప్పేవారిని నమ్మకండి. దేవుని కాలము అమ్మకానికి లేదు.

మూడవది కష్టమైన మాట. కొందరు ఫలము చూడకుండానే వెళ్లిపోతారు. ఆరోగ్యం చెడిన డే గారు 1853లో స్వదేశం చేరి, 1871లో ప్రభువునందు నిద్రించారు. గుండ్లకమ్మ ఒడ్డున ఆ జనసమూహాన్ని ఆయన చూడలేదు. హెబ్రీ పత్రిక 11వ అధ్యాయములోని భక్తులు కూడా వాగ్దానములను దూరమునుండి చూచి వందనము చేసినవారే. ఆయన విత్తినది వ్యర్థమైందా? నేడు నెల్లూరు, ప్రకాశం జిల్లాలలో ఆదివారం మ్రోగే ప్రతి గుడి గంటను అడగండి.

సహోదరీ సహోదరులారా, ఆలస్యమైనా దాని కొరకు కనిపెట్టుమని హబక్కూకు ప్రవక్తతో (2:3) సెలవిచ్చిన దేవుడు నేడును మారలేదు. ఈ రాత్రి కుటుంబ ప్రార్థనలో మీరు మానివేసిన ఆ పాత మనవిని మరల ఎత్తండి. రేపు ఉదయం లేచి చేయవలసిన పని చేయండి. వాన ఆయన చేతిలో ఉన్నది.