ఎంసీబీ కంటపడని మంట

వేడినీళ్ల రాడ్డు కాసేపు నడిచాక ప్లగ్గు ముట్టుకుంటే చెయ్యి చురుక్కుమంటుంది. కొన్నాళ్లకు సాకెట్ రంధ్రాల చుట్టూ తెల్ల ప్లాస్టిక్ గోధుమరంగుకు తిరుగుతుంది. చాలా ఇళ్లలో ఇది మామూలే అనుకుంటారు. మామూలు కాదు. ఎందుకు కాదో తేల్చడానికి పదో తరగతి భౌతికశాస్త్రం చాలు.

రాడ్డు మీద 1500 వాట్లు, 230 వోల్టులు అని రాసి ఉంటుంది. వాట్లను వోల్టులతో భాగిస్తే కరెంటు సుమారు 6.5 ఆంపియర్లు. వోల్టులను ఈ ఆంపియర్లతో భాగిస్తే నిరోధం, దాదాపు 35 ఓమ్‌లు. మొదటి లెక్కలోనే ఒక సంగతి బయటపడింది. ఫోన్ చార్జర్ పెట్టుకునే చిన్న సాకెట్ తట్టుకునేది 6 ఆంపియర్లే. రాడ్డుకు 16 ఆంపియర్ల పెద్ద సాకెట్ కావాలి. మధ్యలో కన్వర్షన్ ప్లగ్గు పెడితే పిన్నులు సరిపోతాయి గానీ, వెనకున్న సాకెట్‌కు సత్తువ రాదు.

జర్మనీలోని కొలోన్‌లో బడిపంతులుగా పనిచేసిన జార్జ్ సైమన్ ఓమ్ ఈ వోల్టు, ఆంపియర్ల సంబంధాన్ని 1827లో పుస్తకంగా ప్రకటించాడు. కరెంటు రెట్టింపైతే తీగలో పుట్టే వేడి నాలుగు రెట్లవుతుందని 1841లో శాస్త్రవేత్త జూల్ చూపించాడు. మన గోడల్లో రగిలేది ఈ రెండో సూత్రమే.

ప్లగ్గులో మర వదులైందనుకుందాం. రాగి తీగ అంచుమీదే ఆనుతుంది. అక్కడ ఒక్క ఓమ్ నిరోధం చేరిందంటే చాలు. మొత్తం నిరోధం పెరిగి కరెంటు 6.3 ఆంపియర్లకు దిగుతుంది. దాని వర్గాన్ని ఒకటితో గుణించండి, దాదాపు 40 వాట్లు. రేడియో మెకానిక్ సీసం కరిగించే సోల్డరింగ్ ఐరన్ చాలావరకు 25 వాట్లదే ఉంటుంది. అంతకు మించిన వేడి ప్లాస్టిక్ లోపల ఇరుకు చోట నిలిచిపోతే కరగదా మరి?

కరెంటు ఎక్కువైతే దానంతటదే ఆపేసే ఎంసీబీ ఉందిగా అంటారు. ఇక్కడే జనం మోసపోతున్నారు. ఎంసీబీ చూసేది కరెంటు హద్దు దాటిందా అన్నదే. వదులు జాయింటు వల్ల కరెంటు పెరగదు, 6.5 నుంచి 6.3కు తగ్గుతుంది. ఎంసీబీ దృష్టిలో అంతా సవ్యమే, గోడలో మాత్రం మంట సిద్ధమవుతుంటుంది.

వేడి సూత్రం అదే అయినా బోరు మోటారుది మరో తీరు. వోల్టేజీ 190కి పడిపోతే రాడ్డు కరెంటు కూడా తగ్గి, 1500 వాట్లు కాస్తా వెయ్యికి దిగుతాయి. నీళ్లు ఆలస్యంగా కాగుతాయి, అంతే. మోటారు అలా ఊరుకోదు. నీళ్ల బరువు తగ్గదు కనుక అదే పని చెయ్యడానికి ఎక్కువ కరెంటు లాగుతుంది. కరెంటు 20 శాతం పెరిగితే వైండింగులో వేడి 44 శాతం పెరుగుతుంది. లో వోల్టేజీలో మోటార్లు కాలిపోవడం రైతు ఖర్మ కాదు, లెక్క ప్రకారం జరిగేదే. కరెంటు మితిమీరితే మోటారును ఆపే ఓవర్‌లోడ్ రిలేను పక్కకు తప్పించి స్టార్టర్ నడిపిస్తే ఆ కాస్త రక్షణా పోతుంది.

ఈ వారమే మెయిన్ ఆపి, ఎలక్ట్రీషియన్‌తో గీజరు, రాడ్డు, ఇస్త్రీపెట్టె సాకెట్ల మరలు బిగింపించండి. రంగు మారిన సాకెట్‌ను మాత్రం బిగించి సరిపెట్టకండి, మార్పించండి.