అనుమానం వేరు... నేరం వేరు
స్టూవర్టుపురం చెబుతున్న పాఠం

బాపట్ల: గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నాడని సామెత. తడుముకున్నవాడే దొంగ అని అందరూ తేల్చేస్తారు. భయంతో భుజాలు తడుముకునే అమాయకులూ ఉంటారన్నది ఎవరికీ పట్టదు. ఊరి పేరు చెబితేనే జనం అనుమానంగా చూసిన గ్రామం మన జిల్లాలోనే ఉంది.

బాపట్ల, చీరాల మధ్య రైలు మార్గంలో ఉన్న స్టూవర్టుపురం అది. కొన్ని కులాలవారు పుట్టుకతోనే నేరస్థులని 1871లో తెల్లదొరలు చట్టం చేశారు. 1911 నాటి చట్టంతో అది మద్రాసు రాజధానికీ వచ్చింది. ఎరుకల కుటుంబాలను తెచ్చి ఇక్కడ సెటిల్మెంటు పెట్టి, సాల్వేషన్ ఆర్మీ అజమాయిషీలో ఉంచారు. వేలిముద్రలు, హాజరు పిలుపులు, ఊరు దాటాలంటే అనుమతి చీటీ... ఇదీ వారి బతుకు. దొంగతనం చేసినవాడికీ, చేయనివాడికీ ఒకే కట్టడి!

చట్టం పోయినా మచ్చ పోలేదు

1952 నాటికి ఆ చట్టం దేశమంతటా రద్దయింది. 1970వ దశకంలో హేమలతా లవణం, లవణం దంపతులు ఇక్కడివారిలో మార్పు కోసం పాటుపడ్డారు. ఈ ఊరి బిడ్డ రాగాల వెంకట రాహుల్ 2018 కామన్వెల్త్ క్రీడల్లో బరువులెత్తి బంగారు పతకం తెచ్చాడు. అయినా ఊరి పేరు వినగానే దొంగల కథలే తలచుకునేవారు ఇంకా ఉన్నారు. ఇలాంటి తెగలవారిని ఇష్టానుసారం అరెస్టు చేయరాదని సుప్రీంకోర్టు 2024 అక్టోబరులో పోలీసులను ఆదేశించింది.

"తప్పు చేయకపోతే ఎందుకు పట్టుకెళ్తారు?"

రచ్చబండ దగ్గర తరచుగా వినబడే మాట ఇది. పట్టుకెళ్లడం విచారణ కోసం. నేరం తేల్చేది కోర్టు. అరెస్టుకు కారణం చెప్పాలి, ఇంటివారికి కబురు చేయాలి. ప్రయాణ సమయం పోను 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందు నిలబెట్టాలి. ఏడేళ్లకు మించని శిక్షపడే నేరాల్లో అరెస్టు అవసరం లేదనుకుంటే నోటీసు ఇచ్చి పిలవాలి. పోలీసుల ముందు ఒప్పుకున్నంత మాత్రాన నేరం రుజువు కాదు. ఆ మాటను బట్టి సొత్తు దొరికితే, ఆ మేరకే సాక్ష్యంగా చెల్లుతుంది.

దొంగను కళ్లారా చూసి పట్టుకున్నా, స్తంభానికి కట్టి కొట్టే హక్కు ఊరివారికి లేదు. ఆలస్యం చేయక, ఆరు గంటల లోపల పోలీసులకు అప్పగించాలి. కొడితే కొట్టినవారి మీదే కేసు పడుతుంది.

లాయరును పెట్టుకునే స్తోమత లేనివారికి ప్రభుత్వమే ఉచితంగా లాయరును ఇస్తుంది. షెడ్యూల్డు కులాలు, తెగలవారికీ, స్త్రీలకూ, నిర్బంధంలో ఉన్నవారికీ ఆదాయంతో నిమిత్తం లేదు. కోర్టు ఆవరణలోని న్యాయసేవల కమిటీని అడగవచ్చు. 15100 నంబరుకు ఫోను చేసినా చాలు.

సొత్తు పోయినవారి గతేమిటి?

ఇవన్నీ దొంగలను కాపాడే చట్టాలని కొందరు విసుక్కుంటారు. గొడ్డు పోయిన రైతు కడుపుమంట న్యాయమైనదే. కాని దెబ్బలకు తాళలేక ఎవరో ఒకరు ఒప్పుకుంటే ఆ రైతుకు ఒరిగేదేమిటి? కేసు మూతపడుతుంది, గొడ్డు తిరిగి రాదు. అమాయకుడు కటకటాల వెనుక ఉన్నన్నాళ్లూ అసలు దొంగ ఊళ్లోనే తిరుగుతాడు, రేపు మరో కొట్టంలో తాడు విప్పుతాడు.

సాక్ష్యం అడగడం దొంగను వెనకేసుకురావడం కాదు. ఈ రోజు పక్కింటివాడి మీద పడిన అనుమానం రేపు మన ఇంటి గడప తొక్కవచ్చు. ఆనాడు మనమూ అడిగేది సాక్ష్యాన్నే.