కిలో తగ్గితే సైకిలు ఎంత బేగి పోతుంది?

ఆమదాలవలస దగ్గర ఊసవానిపేట ఆడబిడ్డ కరణం మల్లీశ్వరి 2000 సెప్టెంబరు 19న సిడ్నీలో 240 కిలోలు ఎత్తి కంచు పతకం తెచ్చిన సంగతి సిక్కోలు పిల్లలకి ఒకరు చెప్పక్కర్లేదు. స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జెర్క్‌లో 130. ఒలింపిక్ పతకం మెడలో వేసుకున్న మొదటి భారతీయ మహిళ ఆవిడ. అయితే ఆ రోజు ఆవిడ కంటే పై మెట్ల మీద నిలబడ్డ ఇద్దరి కథ చాలామందికి తెలీదు. చైనా అమ్మాయి లిన్ వీనింగ్, హంగరీ అమ్మాయి ఎర్జెబెత్ మార్కుష్, ఇద్దరూ ఎత్తింది సరిగ్గా 242.5 కిలోలే. మరి బంగారం ఎవరికివ్వాలి? అప్పటి నిబంధన ప్రకారం ఇద్దరి ఒంటి తూకమూ చూశారు. లిన్ తేలిక. బంగారం ఆమెకి పోయింది.

ఈ కథ చెప్పానో లేదో, మా మనవడు పట్టుకున్నాడు. వాడికీమధ్య సైకిలు పందేల పిచ్చి. "అయితే తాతా, నానొక కిలో తగ్గితే అనంతగిరి ఘాటు ఎంత బేగి ఎక్కేస్తానో సెప్పు" అన్నాడు. మంచి ప్రశ్న. ప్రపంచంలో పెద్ద పెద్ద పందెగాళ్లు, వాళ్ల కోచ్‌లు తలలు బద్దలుకొట్టుకునే ప్రశ్నే ఇది. జవాబు మాత్రం తొమ్మిదో తరగతి లెక్కల్లో ఉంది. కాగితం, పెన్ను తీసుకోండి.

ముందు ఘాటు సంగతి. ఎస్.కోట దాటాక కొండ మొదలవుతుంది. పక్కనే రైలు పట్టాలు కూడా ఎక్కుతూ పోతాయి. కొత్తవలస నుంచి కిరండూల్ పోయే ఆ లైన్లో శిమిలిగూడ స్టేషను సముద్ర మట్టానికి 996 మీటర్ల ఎత్తున ఉంది. మనం లెక్క తేలిక కోసం రోడ్డు 25 కిలోమీటర్లు, ఎక్కవలసిన ఎత్తు 900 మీటర్లు అనుకుందాం. సైకిలు 9 కిలోలు, మనిషి 66 కిలోలు, వెరసి 75. బాగా సాధన చేసినవాడు గంటసేపు విడవకుండా 250 వాట్ల బలంతో తొక్కగలడనుకోండి. అంటే నాలుగు సీలింగ్ ఫ్యాన్లు తిప్పేంత శక్తి రెండు కాళ్లలోంచి వస్తోందన్నమాట. చిన్న విషయం కాదది.

ఒక కిలోని 900 మీటర్లు పైకెత్తడానికి ఎంత పని? బరువు, గురుత్వం, ఎత్తు, మూడూ గుణించండి. 1 ఇంటూ 9.8 ఇంటూ 900. అంటే 8,820 జౌళ్లు. దాన్ని 250తో భాగిస్తే 35 సెకన్లు. కానీ ఎక్కేటప్పుడు కూడా గాలి కొంత అడ్డుపడుతుంది. తేలికై కాస్త వేగం పెరిగితే ఆ అడ్డూ కాస్త పెరిగి మనకొచ్చిన లాభంలో వాటా తీసుకుంటుంది. అదీ కలిపి లెక్క కడితే మొత్తం ఎక్కుడుకి 63 నిమిషాలు పడుతుంది, అందులో కిలో తగ్గినందుకు మిగిలేది దాదాపు 27 సెకన్లు. వంద గ్రాములకైతే మూడు సెకన్ల లోపే. వంద గ్రాముల కోసం వేలకి వేలు పోసి కార్బన్ సీటు కొనేవాళ్లని చూస్తే నాకు నవ్వొస్తుంది కానీ, పందెం రెండు సెకన్లతో పోయినవాడికి అది నవ్వులాట కాదు. ఒప్పుకుంటాను.

ఇప్పుడు అదే మనిషిని అదే సైకిలు మీద విజయనగరం నుంచి శ్రీకాకుళం వైపు జాతీయ రహదారి మీద పంపిద్దాం. 70 కిలోమీటర్లు అనుకోండి. గంటకి 36 కిలోమీటర్ల వేగం. ఈ రోడ్డులో కిలో తగ్గితే మిగిలేది, మొత్తం దారికీ కలిపి, నాలుగు సెకన్లు! దారిలో లారీకి తప్పుకోడానికి ఒకసారి బ్రేకు వేస్తే ఆ నాలుగూ పోతాయి.

ఎందుకలా? చదునులో బరువు చేసే అన్యాయం టైర్లు రోడ్డుని నొక్కడం వరకే. అసలు శత్రువు గాలి. నడుం లోతు చెరువు నీళ్లలో పరుగెత్తబోతే కాళ్లు ఎలా బరువెక్కుతాయో, వేగంలో గాలి కూడా అలాగే పట్టుకుంటుంది. వేగం రెట్టింపైతే గాలి తోపుడు నాలుగింతలవుతుంది. దాన్ని చీల్చుకుపోడానికి కావలసిన శక్తి ఎనిమిదింతలు. ఆ గాలిలో ఎక్కువ భాగం తగిలేది సైకిలుకి కాదు, మనిషి ఒంటికి. అందుకే పందెగాళ్లు హ్యాండిల్ మీదికి వంగిపోయి, మోచేతులు దగ్గరికి చేర్చి తొక్కుతారు.

దీనికి 1989 నాటి టూర్ ద ఫ్రాన్స్ సైకిలు పందెం కంటే మంచి సాక్ష్యం లేదు. చివరి రోజు వెర్సాయ్ నుంచి పారిస్‌కి 24.5 కిలోమీటర్ల ఒంటరి పరుగు. అమెరికా గ్రెగ్ లెమాండ్ అప్పటికి ఫ్రాన్సు వీరుడు లోరాన్ ఫిన్యాన్ కంటే 50 సెకన్లు వెనకబడి ఉన్నాడు. లెమాండ్ సైకిలుకి ముందుకి చాచిన కొమ్ముల్లాంటి హ్యాండిల్ బిగించి, గాలిని కోసే హెల్మెట్ పెట్టుకున్నాడు. ఫిన్యాన్ వట్టి తలతో, వెనక పిలక గాలికెగురుతూ తొక్కాడు. ఆ ఒక్క పరుగులో లెమాండ్ 58 సెకన్లు లాగేశాడు. మూడు వారాల పందెం ఎనిమిది సెకన్ల తేడాతో తేలింది. పిలక కత్తిరించుకుంటే ఫిన్యాన్ గెలిచేవాడా అని ఇప్పటికీ వాదించుకుంటారు. బరువు ఊసే లేదు చూశారా.

"మరి దిగేటప్పుడో?" అన్నాడు మనవడు. దిగేటప్పుడు బరువున్నవాడిదే రాజ్యం. గురుత్వం లాగేది బరువుని బట్టి. గాలి అడ్డుకునేది ఒంటి వెడల్పుని బట్టి. బరువు పెరిగినంతగా వెడల్పు పెరగదు కాబట్టి లావుపాటివాడు ముందుంటాడు. 1947 టూర్ విజేత జాన్ రోబిక్ బక్కపలచటి పొట్టివాడు. ఎక్కడంలో పులి, దిగడంలో పిల్లి. అందుకని కొండ కొసన నీళ్ల సీసాకి బదులు సీసం నింపిన సీసా అందుకుని దిగేవాడట! అలాగే ఐదుసార్లు టూర్ గెలిచిన జాక్ ఆంకెతిల్ కొండ ఎక్కేటప్పుడు నీళ్ల సీసాని సైకిలు మీంచి తీసి చొక్కా వెనక జేబులో పెట్టుకునేవాడని చెబుతారు. సైకిలు తేలికైతే చాలనుకున్నాడు కాబోలు. ఆ సీసాని మోసేది మాత్రం అవే కాళ్లు.

సైకిలుని మరీ గాలిపటం చేసెయ్యకుండా 2000లో అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య ఒక గీత గీసింది. పందెం సైకిలు 6.8 కిలోలకి తగ్గకూడదు. కాబట్టి పెద్ద పందెగాళ్లకి ఇక తగ్గించుకోడానికి మిగిలింది సొంత ఒళ్లే. అసలు చిక్కు ఇక్కడ మొదలవుతుంది.

ఒళ్లు తగ్గితే ఏం తగ్గింది అన్నది తూకం చెప్పదు. ఒకడు రెండు రోజులు అన్నం మానేసి కాటా ఎక్కుతాడు. కిలోన్నర తగ్గిందని గంతులేస్తాడు. పోయింది కొవ్వు అనుకుంటున్నారా? అన్నం, చోడి అంబలి, చద్ది, ఏం తిన్నా అందులోని పిండిపదార్థం గ్లైకోజెన్‌గా మారి కండల్లో, కాలేయంలో నిలవ ఉంటుంది. అంతా కలిపి అర కిలో లోపు. అయితే ప్రతి గ్రాము గ్లైకోజెనూ దాదాపు మూడు గ్రాముల నీటిని పట్టుకుని ఉంటుంది. తిండి మానేస్తే ముందు ఖాళీ అయ్యేది ఈ గిడ్డంగే. ఘాటు ఎక్కడానికి కావలసిన ఇంధనమే ఇది. వాడు తగ్గించుకున్నది పెట్రోలు ట్యాంకు. కిలో కొవ్వు నిజంగా కరగాలంటే దాదాపు 7,700 కిలోకేలరీల లోటు పడాలి. రెండు రోజుల్లో తేలే బేరం కాదు.

మన లెక్కలో ఒక చిన్న అంకె దాగి ఉంది. నాకు అన్నిటికంటే ముచ్చటైనది అదే. ఆ ఘాటు మీద కిలో బరువు ఎన్ని వాట్లకి సమానం? 2.6 వాట్లు. అంటే మనం అనుకున్న 250 వాట్లలో ఒక శాతం. కిలో తగ్గి, దాంతో పాటు మూడు వాట్లు పోయాయంటే లాభం గోవిందా. అన్నం మాని, నిద్ర చెడి, కాళ్లు పీక్కుపోతున్నవాడికి మూడు వాట్లేం ఖర్మ, పన్నెండు పోతాయి. బలం ఐదు శాతం తగ్గితే అదే ఘాటుకి రెండు నిమిషాల పైన ఎక్కువ పడుతుంది. నీళ్లదీ ఇదే కథ. లీటరు నీళ్లు వదిలేసి పోతే 27 సెకన్లు కలిసొస్తాయని లెక్క చెబుతుంది. కానీ మన కోస్తా ఉక్కలో గంటకి లీటరు చెమట కారడం వింతేం కాదు. ఒంటి బరువులో రెండు శాతం నీరు పోతే ఎండలో బలం జారడం మొదలవుతుంది. 66 కిలోల మనిషికి అది లీటరున్నర కూడా లేదు.

బ్రాడ్లీ విగ్గిన్స్ అని ఇంగ్లండు పందెగాడు ఉన్నాడు. 2008 బీజింగ్‌లో ట్రాకు మీద బంగారం గెలిచినప్పుడు 80 కిలోల పైనే. 2012 టూర్ గెలవాలంటే కొండలెక్కాలి కాబట్టి దాదాపు 70కి దిగాడు, గెలిచాడు. తర్వాత మళ్లీ ఒళ్లు పెంచి, 2015లో చదును ట్రాకు మీద ఒక్క గంటలో 54.526 కిలోమీటర్లు తొక్కి రికార్డు పెట్టాడు. కొండకొక ఒళ్లు, చదునుకొక ఒళ్లు. అదీ ఏళ్ల తరబడి, వైద్యుల కనుసన్నల్లో. 80 కిలోల మిగెల్ ఇందురైన్ కూడా వరసగా ఐదు టూర్లు గెలిచాడు. బలం తోడుంటే బరువు అడ్డురాదనడానికి అంతకంటే ఏం కావాలి?

నెల్లిమర్ల దగ్గర కొండవెలగాడ వాళ్లకి ఈ ఒంటి బరువు బాధ నేను చెప్పక్కర్లేదు. ఊరే బరువులెత్తేవాళ్ల ఊరు. మత్స సంతోషి 2014 గ్లాస్గో కామన్వెల్త్‌లో పతకం తెచ్చింది 53 కిలోల విభాగంలో. అక్కడ కాటా మీద గీత దాటితే ఆ విభాగంలో పోటీయే లేదు. కాబట్టి బరువు పట్టుకోవడం ఆటలో భాగం. సైకిలు తొక్కేవాడి ఒంటికి అలాంటి గీత లేదు. లేని గీత కోసం కడుపు మాడ్చుకోవడం తెలివితక్కువ. ఎదిగే పిల్లలకైతే మరీ ప్రమాదం. తినవలసినంత తినకుండా సాధన చేసే ఆడపిల్లలకి నెలసరి ఆగిపోవచ్చు, ఎముకలు గుల్లబారవచ్చు. 2014లో ఒలింపిక్ కమిటీ వైద్యులు దీనికి ఒక పేరు పెట్టి, మగపిల్లలకీ వస్తుందని హెచ్చరించారు.

కాబట్టి మనవడికి నా తీర్పు ఇది. పొట్ట మీద కొవ్వు నిజంగా ఉంటే నెలల మీద నెమ్మదిగా కరిగించు, ఘాటు మీద కిలోకి అర నిమిషం లోపు దక్కుతుంది. లేకపోతే కడుపునిండా తిని, బాగా వంగి తొక్కడం నేర్చుకో.

నా మాట నమ్మకండి, మీరే చూడండి. మీ ఊళ్లో ఏదైనా గట్టు రోడ్డు చూసుకుని, వీపున సంచిలో నాలుగు లీటర్ల నీళ్లు వేసుకుని ఒకసారి, సంచి లేకుండా ఒకసారి ఎక్కి సమయం రాసుకోండి. ఒక్కరోజుతో తేల్చెయ్యకండి. గాలి మారుతుంది, కాళ్లు మారతాయి. ఒకరోజు బరువుతో ముందు, మర్నాడు బరువు లేకుండా ముందు, ఇలా మార్చి మార్చి వారం రోజులు చేయండి. దిగేటప్పుడు మాత్రం సంచి పైనే ఖాళీ చేసి, బ్రేకులు సరిచూసుకుని దిగండి.