గోళెంలో పురుగులు ఏమి చెబుతాయి?

గోళెంలో నీళ్ళు ముంచుతున్నప్పుడు చిన్న పురుగులు గిలగిలా కొట్టుకోవడం మీలో చాలామంది చూసే ఉంటారు. "నీటి పురుగులేలే" అని గుడ్డతో వడగట్టి వాడుకుంటాం. కాని అవి దోమ పిల్లలు. కాసేపు వంగి చూస్తే అది ఏ రకం దోమో, ఎన్నాళ్ళకు ఎగురుతుందో అవే చెబుతాయి.

అన్ని పురుగుల పిల్లలూ ఒకేలా పెరగవు. తల్లుల చేతికి చిక్కే పేను పిల్లనే చూడండి. ఈపిలోంచి వస్తూనే అచ్చం తల్లిలా ఉంటుంది, రక్తం తాగుతుంది. నల్లి పిల్లా అంతే. ఇలాంటి పిల్లను నింఫ్ అంటారు. దోమ పిల్లకు తల్లి పోలికే ఉండదు. గుడ్డు, లార్వా, ప్యూపా అనే మూడు దశలూ నీటిలోనే గడుపుతుంది. వెచ్చని రోజుల్లో వారం, పది రోజులకు దోమ అవుతుంది.

లార్వాకు నిత్యం ఆకలే. నీటిలోని నాచు, చెత్త తింటూ నాలుగుసార్లు కుబుసం విడుస్తుంది. అగ్గిపుల్ల తేలినట్టు నీటి పైన అడ్డంగా పడుకుంటే అది అనాఫిలిస్, మలేరియా దోమ. తల కిందికి పెట్టి, తోక దగ్గరి గొట్టంతో పైకి గాలి పీలుస్తూ వేలాడితే క్యూలెక్స్ లేదా ఈడిస్. మురుగు కాలువలో పెరిగేది సాధారణంగా క్యూలెక్స్, బోదకాలు తెచ్చేది. ఇంటి మంచినీళ్ళలో ఎక్కువగా ఈడిస్ పెరుగుతుంది. డెంగీ, చికున్‌గున్యా దానివే. పాడేరు వైపు మన్యంలో కొండవాగులు కూడా అనాఫిలిస్‌కు పుట్టిళ్ళు. పట్నాల్లో మేడ మీది ట్యాంకులూ, నూతులూ చాలు.

రొనాల్డ్ రాస్ దొర సికింద్రాబాద్‌లో ఇలాంటి లార్వాలనే తెప్పించి పెంచారు. వాటి నుండి వచ్చిన దోమల చేత మలేరియా రోగిని కుట్టించి, 1897 ఆగస్టు 20న దోమ కడుపులో మలేరియా క్రిమిని కనుగొన్నారు.

ఇక ప్యూపా. కామా గుర్తులా వంకరగా ఉంటుంది. నీళ్ళు కదిపితే బొంగరంలా దొర్లుతూ అడుగుకు పోతుంది. "ఇవి వేరే పురుగులు సిస్టర్" అంటారు కొందరు. కాదు, ఆ లార్వాలే ఇవి. ప్యూపా ఏమీ తినదు. అందుచేత లార్వాలు తిని చచ్చే బి.టి.ఐ. బాక్టీరియా మందు దీనిపై పనిచేయదు. సుమారు రెండు రోజుల్లో దోమ ఎగిరిపోతుంది. కామాలు కనిపిస్తే రేపటికి ఆగకండి. నీళ్ళను ఆ రోజే ఎండ తగిలే పొడి నేల మీద పారబోయండి, కాలువలో పోయవద్దు. నూతుల్లో గంబూషియా చేపలు వేయిస్తే లార్వాలను, ప్యూపాలను కూడా తింటాయి.

పారబోసినంత మాత్రాన సరిపోదు. ఈడిస్ గుడ్లు నీటి అంచుకు కాస్త పైన గోళెం గోడకు అంటుకుని, నీళ్ళు లేకపోయినా నెలల తరబడి బతుకుతాయి. మళ్ళీ నీళ్ళు తగిలితే లార్వాలే. కనుక శుక్రవారం డ్రైడే నాడు కొబ్బరి పీచుతో లోపలి గోడ గట్టిగా తోమి, ఆరబెట్టి, ఆ తరువాతే నింపి మూత పెట్టండి. ఫ్రిజ్ వెనుక ట్రే, కూలరు, పెరట్లో వాడని రుబ్బురోలు కూడా అదే రోజు చూడండి.